వంశధార లోయకు ఆగే రైలు కావాలి

రైలు పట్టాల మధ్య ఎంత ఎడం ఉందో చూసి ఊరి హోదా తేల్చే అలవాటు మనవాళ్లకు చాలాకాలంగా ఉంది. పెద్ద గేజి మీద ఉంటే పట్నం, చిన్న గేజి మీద ఉంటే పల్లెటూరు. నౌపడా నుంచి గుణుపురం దాకా నూరేళ్లకు పైగా నడిచిన చిన్న గేజి రైలు 2004 జూన్‌లో ఆగిపోయినప్పుడు మన ఉత్తరాంధ్రలో దాని గురించి ముఖ్యంగా రెండు రకాల మాటలు వినబడ్డాయి. "పోనీలెద్దురూ, ఆ నత్తబండి పోతేనే గాని పెద్ద రైలు రాదు" అన్నది ఒక మాట. "రాజుల నాటి రైలు, ఎంత ముచ్చటగా ఉండేదో!" అన్నది రెండో మాట. మొదటివారు వేగాన్ని చూశారు, రెండోవారు అందాన్ని చూశారు. ఆ రైలెక్కి టెక్కలి ఆసుపత్రికో, పర్లాకిమిడి కాలేజీకో, నౌపడాలో పెద్ద బండి అందుకోవడానికో పోయే మనిషి సంగతి ఇద్దరి మాటల్లోనూ లేదు.

ఈ వ్యాసంలో ఆ మనిషి పక్షాన కొన్ని మాటలు చెప్పాలని నా కోరిక. నా వాదం చాలా సులువైనది. లోయలో ఉన్న పల్లెలకు రైలు వల్ల కలిగే మేలు గేజి వెడల్పును బట్టి రాదు. రైలు ఏ ఊళ్లో ఆగుతుంది, రోజుకు ఎన్నిసార్లు వస్తుంది, టిక్కెట్టు ఎంత, ఈ మూడింటిని బట్టి వస్తుంది. 2024లో ఒకటి, 2025లో ఒకటి ఢిల్లీలో జరిగిన రెండు నిర్ణయాల వల్ల వంశధార లోయ రైలుకు ఈ మూడు విషయాల్లోనూ పరీక్ష రాబోతున్నది. ఇప్పుడు నోరు విప్పకపోతే, "పెద్ద రైలు వచ్చింది గాని మా ఊళ్లో ఆగదు" అని చెప్పుకోవలసిన రోజు వస్తుంది.

మొదట కాస్త చరిత్ర చెప్పుకోవాలి. చరిత్ర తెలియకుండా అర్జీ రాస్తే అది ఏడుపులాగా ఉంటుంది గాని వాదంలాగా ఉండదు.

1890ల్లో సముద్రతీరం వెంబడి ప్రధాన రైలుమార్గం పడింది. ఆ మార్గం నౌపడా మీదుగా పోయింది. అక్కడికి 40 కిలోమీటర్ల లోపలికి, మహేంద్రతనయ ఒడ్డున ఉన్న పర్లాకిమిడి మాత్రం రైలుకు దూరంగానే ఉండిపోయింది. పర్లాకిమిడి ప్రభువు గౌరచంద్ర గజపతి ఊరుకోలేదు. ప్రధాన మార్గం తన ఊరికి రాకపోతే తన ఊరినే ప్రధాన మార్గానికి కలుపుతానన్నాడు. 1898లో ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. సుమారు 7 లక్షల రూపాయల ఖర్చుతో 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి రైలు నడిచింది. దాని పేరు పర్లాకిమిడి లైట్ రైల్వే. పట్టాల మధ్య ఎడం 762 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు. మన పెద్ద గేజి ఐదున్నర అడుగులు, 1,676 మిల్లీమీటర్లు. సగానికన్నా తక్కువన్నమాట.

అంత సన్న గేజి ఎందుకు వేశారని ఎవరైనా అడగవచ్చు. చవక గనక. గేజి తగ్గితే భూమి తక్కువ పడుతుంది, మట్టి పని తగ్గుతుంది, పట్టాలు తేలికైనవి చాలు, వంతెనలు చిన్నవి చాలు. కొండ అడ్డం వస్తే తొలచనక్కరలేదు, చుట్టి పోవచ్చు. ఇంజను చిన్నది, పెట్టెలు చిన్నవి. ఆ రోజుల్లో ఈ పద్ధతికి మంచి పేరుండేది. మహారాష్ట్రంలో బార్సీ లైట్ రైల్వే ఇదే రెండున్నర అడుగుల గేజితో 1897లో నడిచింది. దాన్ని కట్టిన ఎవరార్డ్ కాల్త్రాప్ అనే ఇంజనీరు, తేలికపాటి పట్టాల మీద కూడా బరువైన సరుకు లాగవచ్చని నిరూపించాడు. పెద్ద రైలు వేయడానికి డబ్బు లేని చోట అసలు రైలే లేకుండా పోవడం కన్నా చిన్న రైలు మేలు కదా! కడుపు నిండా గంజి దొరికేవాడికి పరమాన్నం లేదని బాధ ఉండదు.

ఇక లాభనష్టాల మాట. పర్లాకిమిడి రైలు మొదటి సంవత్సరాల్లో నష్టాల్లోనే నడిచింది. 1910 తర్వాత కొద్దిపాటి లాభం కళ్లజూసింది. 1924–25 తర్వాత గాని బాగా పుంజుకోలేదు. ఆ లాభాన్ని చూసుకొని లైనును లోయలో పైకి, కాశీనగర్ మీదుగా గుణుపురం దాకా పొడిగించారు. 1929లో కొంత, 1931లో మిగిలినది పూర్తయింది. మొత్తం 90 కిలోమీటర్లు. ఈ లెక్కను రైల్వే అధికారులు గోడకు తగిలించుకోవాలని నా మనవి. ఒక జమీందారు తన డబ్బు పెట్టి పదేళ్లు నష్టం భరించి ఎదురుచూశాడు. ప్రజల డబ్బుతో నడిచే రైల్వే మాత్రం ఒక పాసింజరులో రెండేళ్లు జనం తగ్గారంటే చాలు, దాన్ని ఎత్తివేయడానికి కాగితం తయారుచేస్తే ఏమనాలి? లోయ రైలు కొబ్బరిచెట్టు లాంటిది. నాటిన ఏడాదే కాయలు కోయలేం.

ఆ రైలు ఏం మోసింది? నౌపడా ఉప్పుమడుల ఉప్పు లోపలికి పోయింది. లోయలోని ధాన్యం, కొండల మీది అటవీ సరుకు కిందికి వచ్చాయి. వాటితోపాటు మనుషులు, ఉత్తరాలు, పెళ్లివారు, పరీక్షకు పోయే పిల్లలు. అయితే చిన్న గేజికి ఒక పెద్ద లోపం ఉంది. అది నౌపడా దగ్గర బయటపడేది. చిన్న పెట్టెలోంచి దించిన ప్రతి బస్తానూ కూలీలు మోసి పెద్ద పెట్టెలోకి ఎక్కించాలి. ఖర్చు పెరుగుతుంది, కాలం పోతుంది, బస్తా చిరుగుతుంది. లారీలు వచ్చాక వ్యాపారి లెక్క వేసుకున్నాడు. ఇంటి ముందు ఎక్కించి అంగడి ముందు దించే లారీ ఉండగా ఈ మోతలన్నీ ఎందుకనుకున్నాడు. సరుకు రోడ్డెక్కింది, రైలుకు మనుషులే మిగిలారు. గేజి మార్చడానికి ఉన్న కారణాల్లో ఇది నిజమైన కారణం, బలమైన కారణం. దాన్ని కాదనడం న్యాయం కాదు.

ఈ లైనుకు ఇంకో విశేషం ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో దానికి చోటు లేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణం ఒరిస్సాలోకి పోయింది. దాని పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. రెండు ఊళ్ల నడుమ సరిహద్దు గీత పడింది. ఆ గీత వల్ల ఎంత బాధ కలిగిందో తెలుసుకోవడానికి ఒక్క గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి జీవితం చాలు. వంశధార ఒడ్డున శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, అక్కడుండే సవరలతో కలిసిమెలిసి వాళ్ల భాష నేర్చి, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాసిన మహానుభావుడాయన. ఒరిస్సా ఏర్పడిన 1936లోనే ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకున్నారు. అప్పటికి ఆయన వయస్సు 70 దాటింది. గీత మనుషుల్ని విడదీసింది గాని రైలు మాత్రం ఆ గీతను లక్ష్యపెట్టలేదు. టెక్కలిలో ఎక్కినవాడు తెంబూరు, పాతపట్నం దాటి పర్లాకిమిడిలో దిగాడు. ఒడియావాడు, తెలుగువాడు, సవరవాడు ఒకే బల్ల మీద సర్దుకు కూర్చున్నారు. ఆ తర్వాత వంశధార నీటి కోసం రెండు రాష్ట్రాలూ తగవుపడి 2010లో ట్రిబ్యునలు దాకా పోయాయి. నీటి దగ్గర కుదరని పొత్తు రైలు పెట్టెలో ఎప్పటినుంచో కుదిరింది.

1992లో దేశమంతటా గేజి ఒకటే ఉండాలన్న విధానం మొదలైంది. ఆ వరుసలో నౌపడా–గుణుపురం లైను వంతు వచ్చింది. 2004 జూన్‌లో చిన్న రైలు ఆగింది. పెద్ద గేజి రైలు పర్లాకిమిడికి 2010లో, గుణుపురానికి 2011 ఆగస్టులో చేరింది. కాగితం మీద ఈ సంవత్సరాలు రెండు ముక్కల్లో అయిపోతాయి. బతుకులో అలా అవవు. 2004 జూన్‌లో గుణుపురంలో ఆరో తరగతిలో చేరిన పిల్లవాడు ఇంటర్మీడియట్ పరీక్షలు రాసి బయటికి వచ్చేసరికి కూడా తన ఊళ్లో రైలు లేదు. వాడి చదువు మొత్తం బస్సు చార్జీల మీద, జీపుల వెనక వేలాడే ప్రయాణాల మీద గడిచింది. ఏడేళ్లపాటు లోయకు రైలు లేకపోతే ఎంత మంది చదువు మానారో, ఎంత మంది రోగులు ఆలస్యంగా ఆసుపత్రికి చేరారో పథకం లెక్కల్లో ఎక్కడ రాస్తారు? పట్టాల ఖర్చు రాస్తారు, వంతెనల ఖర్చు రాస్తారు. జనం ఎదురుచూపుల ఖర్చు రాసే గడి ఆ కాగితంలో ఉండదు.

అలాగని పెద్ద గేజి వద్దనడం నా ఉద్దేశం కానేకాదు. గుణుపురం నుంచి విశాఖకు, పూరీకి, రూర్కెలాకు బండి మారకుండా పోయే సౌకర్యం వచ్చింది. అర్ధరాత్రి నౌపడాలో మూటాముల్లెతో దిగి పెద్ద బండి కోసం కాచుకోనక్కరలేదు. చిన్న రైలును తలచుకొని కన్నీరు పెట్టే పట్నవాసి మిత్రులకు నేను చెప్పేది ఒకటే. బాబూ, మీరు ఆ రైలు ఫోటో తీసుకొని కారులో వెళ్లిపోయేవారు, వాళ్లు దానిలో రోజూ కూర్చోవాలి. ముచ్చట వేరు, అవసరం వేరు.

అయితే పెద్ద గేజి వచ్చిందంటే సేవ దానంతటదే వచ్చినట్లు కాదు. దీనికి దూరం పోనక్కరలేదు. మన పొరుగున బొబ్బిలి–సాలూరు లైనుంది. అది మొదటినుంచీ పెద్ద గేజియే. ఏం లాభం? చాలా ఏళ్లపాటు ఆ లైను ఒకే ఒక్క పెట్టె ఉన్న రైల్‌బస్సు మీద బతికింది. ఐదున్నర అడుగుల గేజి ఉండి కూడా సాలూరుకు దొరికిన సేవ అంతే.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్న ఉదాహరణ చూద్దాం. ఆస్ట్రియా దేశంలో జిల్లర్ అనే నది ఉంది. దాని లోయలో యెన్‌బాఖ్ అనే జంక్షను నుంచి మైర్‌హోఫెన్ అనే ఊరికి సుమారు 32 కిలోమీటర్ల చిన్న గేజి లైను 1902 నాటికి పూర్తయింది. గేజి 760 మిల్లీమీటర్లు. మన పర్లాకిమిడి గేజికన్నా 2 మిల్లీమీటర్లు తక్కువ! మన లైనుకు ఈడూజోడూ అయిన ఆ లైను ఇప్పటికీ నడుస్తోంది. అదేదో యాత్రికుల సరదా కోసం మాత్రమే కాదు. పగటిపూట అరగంటకొక రైలు ఉంటుంది. పిల్లలు బడికి, పెద్దలు పనికి దానిలోనే పోతారు. గేజి మారలేదు, బండ్లు మారాయి, వేళలు పెరిగాయి. అది ధనిక దేశమని మీరనవచ్చు. నిజమే. నేను డబ్బు సంగతి చెప్పడం లేదు, దృష్టి సంగతి చెబుతున్నాను. ఆ రైలు లోయ కోసమే ఉందని అక్కడివాళ్లు అనుకున్నారు. ఆ తర్వాత మిగిలినవన్నీ వరుసలో వచ్చాయి.

మూడో ఉదాహరణ ఇంగ్లండులోది. బార్సీ లైను కట్టిన కాల్త్రాపే అక్కడ మానిఫోల్డ్ నది లోయలో అదే రెండున్నర అడుగుల గేజి లైనుకు ఇంజనీరు. 1904లో తెరిచారు. మన నౌపడాలో బస్తాలు మోసిన బాధ అక్కడ లేదు. పెద్ద గేజి పెట్టెను అలాగే చిన్న గేజి బండి మీదికి ఎక్కించి తీసుకుపోయే తెలివైన ఏర్పాటు చేశారు. ఇంత తెలివి ఉండి కూడా ఆ రైలు 30 ఏళ్లే బతికింది. 1934లో మూసేశారు. ఆ పట్టాల దారి ఇప్పుడు కాలిబాట. ఎందుకలా అయింది? స్టేషన్లు లోయ అడుగున, ఊళ్లు ఎక్కడో పైన కొండ మీద. మనుషులకు అందని రైలు పాల మీద ఆధారపడి బతికింది. పాల కేంద్రం మూతపడగానే రైలుకూ ఊపిరి ఆగింది. ఇంజనీరు ఎంత గొప్పవాడైతేనేం, ఊరికి దూరంగా ఆగే రైలును ఎవరూ కాపాడలేరు.

ఈ మూడు ఉదాహరణలనూ కలిపి చూస్తే సంగతి తెలిసిపోతుంది. గేజి పెద్దదైనా సాలూరు రైలు చిక్కిపోయింది. గేజి చిన్నదైనా జిల్లర్ రైలు పుష్టిగా ఉంది. ఒకే సరుకు మీద ఆధారపడిన మానిఫోల్డ్ రైలు చచ్చిపోయింది. ఇక మన వంశధార రైలు వీటిలో ఏ దారిన పోతుందన్నదే ప్రశ్న.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం గుణుపురం నుంచి తెరుబలికి 73.62 కిలోమీటర్ల కొత్త లైనుకు ఆమోదం ఇచ్చింది. తెరుబలి అంటే విజయనగరం–రాయగడ–రాయపూర్ మార్గంలో ఉన్న స్టేషను. ఆ ముక్క పూర్తయిన నాడు మన లోయ లైను గుణుపురంలో ఆగిపోయే కొమ్మలాగా ఉండదు. అటు లోపలి ఖనిజ ప్రాంతాలనూ ఇటు సముద్రతీర మార్గాన్నీ కలిపే దారి అవుతుంది. సంతోషించవలసిన విషయమే. రాయగడ, రాయపూర్ల వైపు పోయే విద్యార్థికీ, కూలివాడికీ దగ్గరిదారి దొరుకుతుంది. కాని దారి కలిసిందంటే గూడ్సు బండ్లు వస్తాయి. గూడ్సు బండ్లు వస్తే ఏమవుతుందో రైలెక్కే ప్రతివాడికీ తెలుసు. బండి ఏదో చిన్న స్టేషనులో అరగంట నిలబడుతుంది. తల బయటపెట్టి అడిగితే, "క్రాసింగ్ పడిందండీ" అంటారు. జీవితంలో సగం ఆ క్రాసింగుల్లోనే గడిచిపోయిందని నవ్వుకునే ఉద్యోగస్థులు మన జిల్లాల్లో ఎందరో. రైల్వేకు గూడ్సు మీద వచ్చే ఆదాయంతో పోలిస్తే పది రూపాయల టిక్కెట్టు ఏపాటి? ఒంటి లైను మీద రెండూ ఎదురుపడితే ఏది నిలబడాలో ఇప్పుడే ఊహించుకోవచ్చు. రైల్వే లెక్కలో మానిఫోల్డ్ పాల స్థానంలోకి ఇక్కడ ఖనిజం వస్తుంది. ఆ లెక్కలో పాతపట్నం, కాశీనగర్ల మనుషులు మిగలాలంటే వాళ్లే అడగాలి.

రెండో నిర్ణయం 2025 ఫిబ్రవరిది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోను ఏర్పాటులో భాగంగా పాత వాల్తేరు డివిజనును పంచిపెట్టారు. ఆ పంపకంలో నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా ఉన్న ముక్క విశాఖపట్నం డివిజనుకు వచ్చింది. పర్లాకిమిడి నుంచి గుణుపురం దాకా ఉన్న ముక్క తూర్పు కోస్తా రైల్వే కింద కొత్తగా ఏర్పడే రాయగడ డివిజనుకు పోయింది. విశాఖకు జోను కావాలన్నది మన చిరకాల కోరిక, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. అయినా ఒక్క క్షణం ఆలోచించండి. 90 కిలోమీటర్ల లైను. రెండు రాష్ట్రాలు. శ్రీకాకుళం, గజపతి, రాయగడ అని మూడు జిల్లాలు. దాని మీద రెండు డివిజన్లు, రెండు జోన్లు. 1936లో మనుషుల మధ్య పడ్డ గీతను అప్పుడు రైలు లెక్కచేయలేదు. దాదాపు 90 ఏళ్ల తర్వాత ఆ గీత రైలు మీదనే పడింది.

దీనివల్ల నష్టమేమిటని అడిగితే, నష్టం ఉండి తీరాలని ఏమీ లేదు. ఇద్దరు అన్నదమ్ములు కలిసి ఒక బావి వాడుకోవచ్చు. కాని బావి పూడిక తీయవలసి వచ్చినప్పుడు "వాడు తీయిస్తాడులే" అని ఇద్దరూ కూర్చుంటే మట్టి నీళ్లే మిగులుతాయి. పొద్దున్న గుణుపురంలో బయలుదేరే బండిని అరగంట ముందుకు జరపాలని కాశీనగర్ విద్యార్థులు అడిగారనుకుందాం. రాయగడవారు పర్లాకిమిడి అవతల వేళ తమ చేతిలో లేదంటారు. విశాఖవారు బండి బయలుదేరేది తమ డివిజనులో కాదంటారు. అర్జీ రెండు ఆఫీసుల మధ్య బంతిలాగా తిరుగుతుంది. ఈలోగా ఆ పిల్లల డిగ్రీ అయిపోతుంది.

టిక్కెట్టు సంగతి కూడా మరచిపోకూడదు. 2020 మార్చిలో దేశమంతటా ప్రయాణికుల రైళ్లు ఆగాయి. ఆ తర్వాత పాసింజర్లను ప్రత్యేక రైళ్లన్న పేరుతో తిరిగి నడిపినప్పుడు కనీస చార్జీ 10 రూపాయల బదులు 30 రూపాయలైంది. అవే పెట్టెలు, అవే పట్టాలు, అదే నడక. మారింది పేరు మాత్రమే. 2024లో గాని పాత చార్జీ తిరిగి రాలేదు. పది రూపాయలకూ ముప్ఫై రూపాయలకూ తేడా ఎంతని పట్నంలో కాఫీ తాగుతూ అనుకోవచ్చు. కూరగాయల గంప నెత్తిన పెట్టుకొని రెండు స్టేషన్లు పోయి వచ్చే మనిషికి పోనూ రానూ 40 రూపాయల తేడా అది. గేజి మార్చకుండానే, ఒక్క పట్టా పీకకుండానే పేదవాడికి రైలును దూరం చేయవచ్చని ఆ నాలుగేళ్లలో తెలిసింది.

"బస్సులున్నాయి కదా" అనే వాదం ఒకటి ఎప్పుడూ వస్తుంది. ఉన్నాయి. 2025 ఆగస్టు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవారికి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం కూడా వచ్చింది, చాలా మంచి పని. కాని ఆ ఉచితం రాష్ట్రాలు దాటే సర్వీసులకు వర్తించదు. పాతపట్నం అమ్మాయికి పర్లాకిమిడి కూతవేటు దూరం, అయినా అది వేరే రాష్ట్రం. సరిహద్దు దగ్గర బస్సుకు సవాలక్ష నిబంధనలు. రైలుకు అవేమీ లేవు. ఇలాంటి లోయకు బస్సు తోడుగా ఉంటుంది గాని రైలుకు బదులు కాలేదు.

మరి ఏం చేయాలి? పెద్ద పెద్ద కోరికలు అక్కరలేదు. మూడు చిన్న మాటలు రైల్వేవారి చేత కాగితం మీద రాయించుకుంటే చాలు.

ఒకటి. తెరుబలి లైను తెరవకముందే నౌపడా–గుణుపురం పాసింజర్లకు కదలని వేళలు నిర్ణయించాలి. పొద్దున కాలేజీ వేళకు ఒక బండి, సాయంత్రం ఇంటికి ఒక బండి, మధ్యాహ్నం ఆసుపత్రి పనులు చూసుకొని తిరిగి వచ్చేవారికి ఒక బండి. వీటిని గూడ్సు కోసం నిలబెట్టకూడదు. దానికి లూప్ లైన్లు చాలకపోతే, ఆ గూడ్సు సంపాదనలోంచే వేయాలి.

రెండు. ఇప్పుడు బండి ఆగే ఏ ఒక్క స్టేషనునూ, హాల్టునూ తగ్గించకూడదు. సాధారణ చార్జీని పేరు మార్చి పెంచకూడదు.

మూడు. లైను రెండు డివిజన్ల కింద ఉన్నా టైంటేబులుకు బాధ్యత ఒక్కరిదే కావాలి. రెండు డివిజన్ల రైలు వినియోగదారుల సలహా సంఘాలూ ఏడాదికి రెండుసార్లయినా కలిసి కూర్చోవాలి. ఒక సమావేశం పాతపట్నంలో, ఒకటి గుణుపురంలో జరగాలి. విశాఖలోనో భువనేశ్వరంలోనో కాదు. అర్జీ పెట్టుకొనేవాడు ఒక రోజు కూలి పోగొట్టుకొని రాజధానికి రానక్కరలేదు.

ఈ పనిలో విద్యార్థి సంఘానికి కూడా వాటా ఉందని నేను నమ్ముతాను. మన హాస్టళ్లలో ఆ లోయ నుంచి వచ్చినవాళ్లున్నారు. సెలవులకు పోయినప్పుడు ఒక్క రోజు, ఒక్కొక్క స్టేషనులో ఇద్దరిద్దరు కూర్చుని, ఎవరు ఎక్కారు, ఎక్కడికి, ఏ పని మీద అని రాసుకొస్తే చాలు. జాతీయ సేవా పథకం శిబిరంలో గోడలకు సున్నం వేయడంకన్నా ఇది తక్కువ సేవేమీ కాదు. ఆర్థికశాస్త్రం చదివేవారు లెక్క కట్టవచ్చు, సివిల్ ఇంజనీరింగు వారు లూప్ లైన్ల సంగతి చూడవచ్చు, తెలుగువారు అర్జీ రాయవచ్చు. అధికారి ముందు "మా ఊరికి రైలు కావాలి" అంటే, "చూద్దాం" అంటారు. "మీ పొద్దుటి బండిలో కాశీనగర్‌లో ఎక్కేవారిలో విద్యార్థులు ఇంతమంది, రోగులు ఇంతమంది" అని అంకెలు చూపిస్తే "చూద్దాం" అనడం అంత సులువు కాదు. మాజీ విద్యార్థుల్లో రైల్వేలో పనిచేసేవారు, పనిచేసి విరమించినవారు ఉంటారు. ఏ తలుపు తట్టాలో వారు చెప్పగలరు.

భాష ఎవరి కోసం అని గిడుగువారు పండితులను అడిగారు. చదవబోయే పిల్లవాడికి అర్థం కాని భాష ఎంత గంభీరంగా ఉంటే ఏం ప్రయోజనమన్నారు. రైలు ఎవరి కోసమని మనం ఆ ధైర్యంతోనే అడగాలి. తెరుబలి దాకా పట్టాలు పడటానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది. టైంటేబుళ్లు రాసేవారి బల్ల మీద మన కాగితం ఆలోగానే ఉండాలి. ఆ కాగితం రాయడానికి ఈ సంచిక చదివే ఇద్దరు ముగ్గురు ముందుకొస్తే, కాశీనగర్‌లో పొద్దుటి బండి కోసం నిలబడేవాళ్లకు మన విశ్వవిద్యాలయం ఉన్నందుకు ఒక ప్రయోజనం కనబడుతుంది.